నల్లగా వచ్చిన కాగితం

జిరాక్స్ మిషను మొండికేసిందని కబురు పెడితే కొత్త మెకానిక్ వస్తూనే స్క్రూడ్రైవర్ తీస్తాడు. చెయ్యి తిరిగినవాడు ముందు చెత్తబుట్ట ఎక్కడుందో చూస్తాడు. పాడైన కాపీలన్నీ అందులోనే ఉంటాయి. కాగితం నల్లగా వచ్చిందా, తెల్లగా వచ్చిందా, చారలు పడ్డాయా, బొటనవేలితో రుద్దితే అక్షరాలు రాలుతున్నాయా అని చూసుకుంటాడు. మిషను మూత తెరవకముందే సగం కేసు అక్కడే తేలిపోతుంది.

హైదరాబాద్ తార్నాకలో ఈ పనివాళ్లకు తీరిక దొరకడం కష్టం. ఒకవైపు ఉస్మానియా యూనివర్సిటీ, దాన్ని ఆనుకునే ఇఫ్లూ యూనివర్సిటీ, హబ్సిగూడ దారిలో ఐఐసీటీ, సీసీఎంబీ, ఎన్‌జీఆర్ఐ పరిశోధన సంస్థలు. థీసిస్ ప్రతులు, గ్రూప్స్ నోట్సు, హాల్‌టికెట్లు, కౌన్సెలింగ్‌కు మూడేసి సెట్ల సర్టిఫికెట్లు. ఫోన్లో పీడీఎఫ్‌లు ఎన్ని ఉన్నా, పరీక్ష దగ్గరపడితే కాగితం చేతిలో ఉంటేనే మనవాళ్లకు ధైర్యం. ఆ గిరాకీ మీద నడిచే సెంటర్లో మిషను మధ్యాహ్నం ఆగిందంటే ఆ రోజు బేరం పోయినట్టే. అందుకే సంచిలో మల్టీమీటరు, హోల్డరుకు బిగించిన వంద వాట్ల బల్బు, స్పిరిట్ సీసా, మెత్తటి గుడ్డ వేసుకుని బైకు మీద తిరిగే మెకానిక్‌కు ఇక్కడ లెక్చరర్‌కు ఇచ్చేంత మర్యాద ఇస్తారు. చిన్న విడిభాగాలకు కోఠీ గుజరాతీ గల్లీకి, బోర్డుల కోసం సికింద్రాబాద్ పార్క్‌లేన్‌లోని సీటీసీ మార్కెట్‌కి పరుగెత్తేదీ అతనే.

మిగతా కరెంటు సామానుకూ జిరాక్స్ మిషనుకూ ఒక తేడా ఉంది. ఫ్యాన్లో కరెంటు తిప్పే పని చేస్తుంది, హీటర్లో కాల్చే పని చేస్తుంది. కాపీయర్లో ఆ రెండూ చేస్తూనే, వాటికి తోడు బొమ్మ కూడా గీస్తుంది. ఈ విద్య ఉస్మానియా ఆర్ట్స్ కాలేజీ భవనం కంటే పాతది. ఆ భవనం 1939లో ప్రారంభమైంది. దానికి ముందటి ఏడాది, 1938 అక్టోబర్ 22న, న్యూయార్క్ నగరంలోని అస్టోరియాలో చెస్టర్ కార్ల్‌సన్, ఆయన సహాయకుడు ఒట్టో కోర్నై గంధకం పూసిన జింకు పలకను గుడ్డతో రుద్ది స్థిరవిద్యుత్తు పుట్టించారు. దాని మీద వెలుగు పడిన చోట ఆ విద్యుత్తు జారిపోయింది, పడని చోట నిలిచింది. నిలిచిన చోట పొడి అంటుకుంది. ఇప్పటి లక్షల రూపాయల యంత్రం చేసేదీ అదే పని. గుడ్డ బదులు వేల వోల్టుల కరోనా వైరో, చార్జింగ్ రోలరో ఉంటుంది. పలక బదులు డ్రమ్ము తిరుగుతుంది.

ఇక నల్ల కాగితం సంగతి. పాత అనలాగ్ మిషన్లో అసలు ప్రతి మీద దీపం వెలుగుతుంది, కాగితంలోని తెల్లభాగం నుంచి వచ్చిన వెలుగు డ్రమ్ము మీది చార్జిని చెరిపేస్తుంది, మిగిలిన చోట టోనర్ పొడి పట్టుకుంటుంది. దీపం పోతే చెరిగేది ఏమీ ఉండదు కాబట్టి కాగితమంతా నలుపు. చార్జి ఇచ్చే తీగ తెగితే పట్టుకోవడానికి ఏమీ ఉండదు, కాగితమంతా తెలుపు. డిజిటల్ మిషన్లు వచ్చాక ఈ లెక్క తలకిందులైంది. వీటిలో చాలావాటిలో లేజరు అక్షరం ఉన్నచోటే గీస్తుంది, గీసిన చోటే టోనర్ అంటుతుంది. ఇక్కడ చార్జి పోతే కాగితం నల్లబడుతుంది, లేజరు పోతే తెల్లగా వస్తుంది. కొన్ని పెద్ద మోడళ్లు మళ్లీ పాత పద్ధతినే పట్టుకుని లేజరుతో తెల్లభాగాన్ని గీస్తాయి. నల్ల కాగితం చేతిలో పెడితే మంచి మెకానిక్ "మోడల్ ఏంది?" అని అడిగేది ఇందుకే. అది అడగకుండా డ్రమ్ము మార్చాలని చెప్పేవాడికి దండం పెట్టి పంపెయ్యొచ్చు.

నాకు అన్నిటికంటే ముచ్చటేసేది సగంలో ఆపి చూసే పరీక్ష. కాపీ నొక్కి, కాగితం దారి మధ్యలో ఉండగానే మెయిన్ స్విచ్ తీసేస్తారు. తలుపు తెరిచి డ్రమ్ము మీదకు టార్చి వేస్తారు. డ్రమ్ము మీద అక్షరాలు స్పష్టంగా ఉండి కాగితం ఖాళీగా ఉంటే, తప్పు పొడిని కాగితం మీదకు దించే ట్రాన్స్‌ఫర్ దగ్గరుంది. కాగితం మీదకు పొడి చేరి చెయ్యి తగిలితే చెదిరిపోతుంటే, అక్కడిదాకా అన్నీ సరే, చూడాల్సింది పొడిని వేడితో కాగితానికి అతికించే ఫ్యూజర్. డ్రమ్మే ఖాళీగా ఉంటే అంతకు ముందు దశలకు వెనక్కి వెళ్లాలి. రూపాయి ఖర్చు లేదు, టార్చి తప్ప పరికరం అక్కర్లేదు. వేల రూపాయల పార్టు కొనాలో వద్దో ఆ కొద్ది క్షణాల్లో తెలుస్తుంది. మచ్చ పడే దూరాన్ని స్కేలుతో కొలవడం కూడా ఈ బాపతే. 30 మిల్లీమీటర్ల వ్యాసమున్న డ్రమ్ము మీద లోపం ఉంటే మచ్చ దాదాపు 94 మిల్లీమీటర్లకోసారి తిరిగి పడుతుంది. దూరం అంతకంటే తక్కువైతే వెతకాల్సింది వేరే చిన్న రోలరును.

అసలు పనితనం బయటపడేది ఫ్యూజర్ దగ్గర. క్యాంపస్ దగ్గరి ఒక సెంటర్లో చూసిన పని ఇది.

"అన్నా, పొద్దుగాల మంచిగనే నడిచింది. ఇప్పుడు వేడెక్కుతలేదు."

"కోడ్ ఏమొచ్చింది తమ్మీ?"

"ఈ ట్రిపుల్ జీరో."

క్యానన్ ఐఆర్ మిషన్లలో ఈ కోడ్ (E000) వచ్చిందంటే ఫ్యూజర్ అనుకున్న సమయానికి వేడెక్కలేదని అర్థం. రికోలో ఇదే ఫిర్యాదు ఎస్‌సీ 542గా వస్తుంది. హీటరు పోయి ఉండొచ్చు. థర్మల్ ఫ్యూజు ఎగిరి ఉండొచ్చు. వేడి ఎంతుందో చెప్పే థర్మిస్టర్ మీద టోనర్ పేరుకుని ఉండొచ్చు. మెకానిక్ ఫ్యూజర్ యూనిట్ బయటికి లాగి మీటరు పెట్టాడు. హీటరు బాగుంది, ఫ్యూజు బాగుంది. థర్మిస్టర్ మీద వేలు ఆనించి ఒంటి వేడికి దాని రెసిస్టెన్స్ మెల్లగా దిగుతోందని చూశాడు, అదీ బాగుంది. ఇక్కడ తొందరపడేవాడు బోర్డు పోయిందనేస్తాడు. ఈయన ఫ్యూజర్‌ను మిషనుకు కలిపే కనెక్టరు మీదకు వంగి వాసన చూశాడు. మిగతా పిన్నులు తళతళలాడుతుంటే ఒకటి బెల్లం రంగుకు తిరిగింది.

మీటరు పెడితే ఆ పిన్నూ బీప్‌మంటుంది. మీటరు పంపేది చీమంత కరెంటు, దానికి ఎంత సన్నని దారైనా చాలు. వెయ్యి వాట్ల హీటరు 230 వోల్టుల మీద నాలుగు ఆంపియర్లకు పైనే లాగుతుంది. ఆ భారం పడ్డప్పుడు వదులు పిన్ను వేడెక్కి, నల్లబడి, ఇంకా వదులవుతుంది. అమెరికా నుంచి సెకండ్ హ్యాండ్‌లో దిగి, స్టెప్‌డౌన్ ట్రాన్స్‌ఫార్మర్ మీద నడిచే 115 వోల్టుల మిషన్లయితే కథ మరీ ఘోరం. అదే వెయ్యి వాట్లకు కరెంటు రెట్టింపు, వదులు పిన్ను దగ్గర పుట్టే వేడి నాలుగింతలు. అందుకని ఆయన యూనిట్‌ను తిరిగి బిగించి, కోడ్ చెరిపి, ఎడమ చెయ్యి వీపు వెనక పెట్టుకుని, హీటరు అందుకున్న క్షణంలో కనెక్టరుకు ఇవతల ఒకసారి, అవతల ఒకసారి వోల్టేజీ చూశాడు. ఇవతల నిండుగా ఉంది, అవతల పడిపోయి ఊగుతోంది. దొంగ దొరికాడు. పిన్ను మార్చి, వైరు కొత్తగా క్రింప్ చేసి ఇచ్చాడు. ఎడమ చెయ్యి వెనక పెట్టడం స్టైలేమీ కాదు. రెండు చేతులూ యంత్రాన్ని తాకితే షాక్ గుండె మీదుగా పోయే ప్రమాదముంది.

మిగిలినవి మామూలు కేసులు. ప్యానెల్ వెలుగుతుంది గాని మోటారు కదలదు అంటే 24 వోల్టుల లైను చూడాలి. తలుపు సరిగా పడక లోపలి మైక్రోస్విచ్ నొక్కుకోకపోవడమే చాలాసార్లు కారణం. దానికి పవర్ సప్లై బోర్డు ఖరీదు వసూలు చేసే ఘనులూ ఉన్నారు. వానాకాలం వస్తే తేమకు హైవోల్టేజీ పక్కదారి పట్టి టిక్ టిక్ మంటుంది, కాగితం తడిసి అక్షరం మచ్చలుగా పడుతుంది. చార్జర్ గూడు తుడిచి, ట్రే హీటరు వేసి ఉంచితే చాలావరకు సర్దుకుంటుంది.

ఫ్యూజర్ కోడ్ మాత్రం మామూలు కేసు కాదు. 1959లో వచ్చిన, మామూలు కాగితం మీద కాపీ తీసే తొలి ఆఫీసు కాపీయర్ జిరాక్స్ 914 లోపల కాగితం అంటుకుంటుందేమోనని మంటలార్పే సిలిండర్ ఇచ్చేవారు. దానికి జిరాక్స్ కంపెనీవాళ్లు పెట్టుకున్న ముద్దుపేరు 'స్కార్చ్ ఎలిమినేటర్'. ఇప్పటి మిషన్లు ఆ భయాన్ని కోడ్ రూపంలో దాచుకున్నాయి. ఈ ట్రిపుల్ జీరో గాని, ఎస్‌సీ 542 గాని ఒకసారి పడితే స్విచ్ ఆపి వేసినా పోదు. సర్వీస్ మోడ్‌లోకి వెళ్లి చెరిపితేనే పోతుంది. కారణం చూడకుండా ఎవరూ మళ్లీ హీటరు వెలిగించకూడదనే ఆ ఏర్పాటు.

సెంటర్ల వాళ్లకు ఒక మాట. కోడ్ చెరిపే మీటల వరస ఇప్పుడు వీడియోల్లో దొరుకుతోంది. ఎంత గిరాకీ ఉన్నా, క్యూ రోడ్డు దాకా ఉన్నా, పిన్నూ థర్మిస్టరూ చూడకుండా అది నొక్కకండి. ఆ కోడ్ అంకెలు రాసిపెట్టి, ప్లగ్గు తీసేసి, మెకానిక్‌కు ఫోన్ చేయండి.