సంచి మీది బొమ్మ – సంచిలోని మేత

చందర్లపాడు మెట్ట ప్రాంతమున మిరప వేసిన రైతు డి.ఎ.పి. బస్తా కొనునపుడు దాని మీది పచ్చని పైరు బొమ్మను చూచి డబ్బు చెల్లింపడు. 18–46 అను అంకెలను చూచును. నూరు కిలోలలో 18 కిలోలు నత్రజని అనియు, 46 కిలోలు భాస్వరము (ఆక్సైడు రూపమున లెక్కించినది) అనియు వానికి తెలియును. ఆ రైతు కుమారుడే నందిగామలోనో, విజయవాడలోనో ఒక లాబ్రడార్ పిల్లను కొని తెచ్చి, దానికి మేత కొనునపుడు మాత్రము సంచి మీది తోడేలు బొమ్మను చూచి వందల రూపాయలు ఇచ్చి వచ్చును. ఒకే ఇంటిలో ఒక సంచిని చదివి కొనుట, మరొక సంచిని చూచి కొనుట ఎందుకు జరుగుచున్నది? ఈ వ్యాసమున మేము విమర్శకు తీసికొన్నది ఏదో ఒక కంపెనీ సరుకును గాదు. ఆ సంచుల మీద వాడబడు భాషను.

మొదట కొంత చరిత్ర. కుక్క మనుష్యునితో వేలాది సంవత్సరములుగా కలిసి బ్రదుకుచున్నది. ఇంతకాలమును అది తిన్నది ఇంటి మిగులే. మన పల్లెలలో జొన్న సంకటి, అన్నము, మజ్జిగ, అప్పుడప్పుడు మాంసపు ముక్కలు దాని ఆహారము. అంగడిలో కుక్కలకు ప్రత్యేకముగా మేత అమ్ముట 1860 ప్రాంతమున లండనులో జేమ్స్ స్ప్రాట్ అను అమెరికను వర్తకునితో ఆరంభమైనది. అతడు అమ్మినది ఒకవిధమైన బిస్కత్తు. ఇరవైయవ శతాబ్ది మధ్యలో, 1950 దశకమున, అమెరికాలో మరొక పద్ధతి వచ్చినది. తడిపిన పిండిని ఆవిరితో ఉడికించి, జంతికల గొట్టములో ఒత్తినట్లు రంధ్రముల గుండా గట్టిగా ఒత్తి, ముక్కలుగా కోసి ఆరబెట్టుటయే ఆ పద్ధతి. నేడు సంచులలో దొరకు గుళికలలో అధికభాగము ఇట్లు తయారైనవే. ఈ జంతికల పోలికను పాఠకులు జ్ఞాపకముంచుకొనవలెను, ముందు పనికివచ్చును.

ఇక సంచి మీది మాటలను ఒక్కొక్కటిగా పరీక్షింతము.

మొదటి మాట: "కుక్క తోడేలి సంతతి, దానికి ధాన్యము పనికిరాదు." ఇందులో మొదటి సగము నిజము. రెండవ సగము దాని నుండి పుట్టినది గాదు. 2013లో స్వీడన్ శాస్త్రజ్ఞుల బృందము ఒకటి కుక్క, తోడేలు జన్యువులను పోల్చి చూచి, పిండిపదార్థమును జీర్ణము చేయు అమైలేజ్ అను ఎంజైమునకు సంబంధించిన జన్యువు తోడేలులో 2 ప్రతులే ఉండగా, కుక్కలో 4 మొదలు 30 వరకు ఉన్నవని కనుగొనినది. అనగా మనుష్యుని వాకిట పెరిగిన కుక్క మనుష్యుని అన్నమునకు తగినట్లు మారినది. మరియొక సంగతి. పిండి లేనిదే జంతిక నిలువదు, గుళికయు అంతే. ధాన్యము లేదని చెప్పుకొను గుళికలలో బియ్యమునకు బదులు బఠాణీయో, బంగాళాదుంపయో వేయుదురు. పిండి పోలేదు, పేరు మారినది. ఇట్టి మేతలకును, కుక్కలలో గుండె కండరము సాగి బలహీనపడు వ్యాధికిని సంబంధము కలదేమో యని అమెరికా ఆహార, ఔషధ శాఖ 2018లో విచారణ ప్రకటించినది. కారణము ఇదియే యని ఇప్పటికిని నిర్ధారణ కాలేదు. అయినను, ధాన్యము లేకుండుటయే ఒక గుణమని చెప్పుటకు ఆధారము లేదు.

రెండవ మాట: "మాంసకృత్తులు అధికము." ఇచ్చట విద్యార్థులు కాగితము, కలము తీసికొనవలెను. పొడి మేత సంచి మీద మాంసకృత్తులు 22 శాతము, తేమ 10 శాతము అని యున్నది. తడి మేత డబ్బా మీద మాంసకృత్తులు 8 శాతము, తేమ 78 శాతము అని యున్నది. ఏది మేలు? నీటిని తీసివేసి చూడవలెను. మొదటి దానిలో 90 పాళ్ళ పొడి పదార్థమునకు 22. అనగా సుమారు 24 శాతము. రెండవ దానిలో 22 పాళ్ళకు 8; అనగా 36 శాతము. చిన్న అంకె పెద్దదైనది!

ఆ అంకెయైనను మాంసకృత్తులను నేరుగా కొలిచి వ్రాసినది కాదు. మేతలోని నత్రజనిని కొలిచి, దానిని 6.25 చేత గుణింతురు. అందుచేత నత్రజని గల ఏ పదార్థమైనను ఈ లెక్కలో మాంసకృత్తుగా చెల్లిపోవును. 2007లో ఉత్తర అమెరికాలో జరిగినది ఇదియే. చైనా నుండి వచ్చిన గోధుమ జిగురులో మెలమైన్ కలిపిరి. ఈ రసాయనములో బరువునుబట్టి మూడింట రెండువంతులు నత్రజనియే. కాగితము మీద మాంసకృత్తులు పెరిగినవి. మూత్రపిండములు చెడి ఎన్నో కుక్కలు, పిల్లులు చనిపోయినవి. అంకె అబద్ధమాడలేదు, అంకెను అడిగిన ప్రశ్నయే చాలలేదు.

మూడవ మాట: "కోడిమాంసముతో." అమెరికాలో మేతల అధికారుల సంఘము వారి నియమముల ప్రకారము "తో" అను మాట వాడుటకు ఆ పదార్థము 3 శాతమున్న చాలును. "కోడి రుచి" అన్నచో, రుచి తెలిసిన చాలును. పదార్థముల పట్టికలో కోడిమాంసము మొదట ఉన్నను, పచ్చి మాంసములో మూడింట రెండువంతులకు పైగా నీరే యని మరువరాదు. వండి ఆరబెట్టిన తరువాత దాని స్థానము ఎంత క్రిందికి దిగునో పట్టిక చెప్పదు.

అట్లని సంచిని విసరివేసి పెరుగన్నమే పెట్టుడని మేము చెప్పబోము. విమర్శ రెండువైపుల ఉండవలెను. అన్నము, మజ్జిగలతో పెరిగెడు పిల్లకు మాంసకృత్తులు చాలవు. ప్రేమతో మాంసము మాత్రమే పెట్టినచో మరొక చిక్కు కలదు: మాంసములో భాస్వరము ఎక్కువ, కాల్షియము అత్యల్పము. ఎముకలు వంగిపోవును. మంచి కంపెనీ చేసిన సంపూర్ణ మేతలో ఈ లెక్క సరిచూచి యుండును. ఇది దాని నిజమైన గొప్ప. కాని ఆ మేత పెట్టుచు పైన కాల్షియము మందు కూడ పోయుట పెద్ద జాతి పిల్లలకు హాని. అవి అధిక కాల్షియమును వదలుకొనలేవు, ఎముకలు వికృతమగును. ఇంటిలో వండి పెట్టదలచినవారు పశువైద్యుని అడిగి లెక్క వేసికొనవలెను. ఉల్లి, వెల్లుల్లి వేసిన పులుసు, కూర పెట్టరాదు. అవి కుక్క ఎర్రరక్తకణములను పగులగొట్టును. చాక్లెట్టు, ద్రాక్ష, ఎండుద్రాక్ష, ఉడికిన ఎముకలు కూడ కూడవు.

కావున సంచి ఎదుట నిలిచి నాలుగు ప్రశ్నలు వేయవలెను. ఇది సంపూర్ణాహారమా, లేక చిరుతిండియా? పిల్లకా, పెద్ద కుక్కకా? తయారుచేసిన తేదీ, వారి చిరునామా కలవా? నూరు గ్రాములకు ఎన్ని కెలోరీలు? చివరి ప్రశ్నకు సమాధానమున్నచో ఎంత పెట్టవలెనో మీరే లెక్క వేయవచ్చును. కుక్క బరువు 16 కిలోలనుకొందము. 16కు వర్గమూలము 4; దానికి మరల వర్గమూలము 2; రెంటిని గుణించిన 8. దానిని 70 చేత గుణించిన 560. కదలక పడియున్న కుక్కకు రోజుకు కావలసిన కెలోరీలు ఇవి. ఇంటిలో తిరుగు కుక్కకు దీనికి 1.6 రెట్లు, అనగా సుమారు 900. మేతలో నూరు గ్రాములకు 350 కెలోరీలున్నచో 257 గ్రాములు చాలును. ఇది మొదటి అంచనా మాత్రమే. ప్రతి కుక్కకు కొంత తేడా యుండును. డొక్క మీద చేయి వేసి చూడుడు. ప్రక్కటెముకలు చేతికి తగులవలెను, కంటికి పొడుచుకొని కనబడరాదు.

మరియొక మాట చెప్పక తప్పదు. ఎరువు బస్తా మీది అంకెలకు 1985 నాటి ఎరువుల నియంత్రణ ఉత్తర్వు కాపలా కాయుచున్నది. మనము తిను ఆహారమునకు 2006 నాటి ఆహార భద్రతా చట్టమున్నది. కాని ఆ చట్టము "ఆహారము" అను మాటకు ఇచ్చిన అర్థములో పశువుల మేత చేరదు. కుక్క మేత సంచి మీది వివరములు చాలవరకు సన్నని ఆంగ్లాక్షరములలో ఉండును. తోడేలు బొమ్మ మాత్రము అన్ని భాషలవారికిని అర్థమగును. చట్టము బలపడువరకు, బలపడిన తరువాత కూడ, చదువువచ్చిన కొనుగోలుదారుడే మొదటి కాపలాదారు.

ఉపాధ్యాయులు ఒకనాడు ఖాళీ ఎరువు బస్తాను, ఖాళీ కుక్క మేత సంచిని తరగతికి తెప్పించి ప్రక్కప్రక్కన పెట్టించవచ్చును. బొమ్మలను కాగితముతో కప్పి, మిగిలినదానిని పిల్లలచేత చదివించుడు. ఏ సంచిలో చదువుటకు ఎక్కువ మిగిలినదో వారే చెప్పుదురు. తినబోవు కుక్క ఆ సంచిని చదువలేదు; దాని తరపున చదువవలసినవారము మనమే.