కొల్లేటి గట్ల మీద ఒంటరి నడక

కాలినడకన ప్రకృతిని చూడటమంటే కొండలెక్కడమేనన్న అభిప్రాయం పాతుకుపోవడం వల్ల, ఏలూరుకూ తాడేపల్లిగూడేనికీ చుట్టుపక్కల చదునుగా పరుచుకున్న డెల్టాలో చూడదగ్గదేమీ లేదని ఇక్కడివారే అనుకోవడం కద్దు. సెలవు దొరికితే అరకు ప్రయాణం కట్టడమూ అందుకే. ఈ చిన్నచూపు సబబు కాదనడానికి ఒక పాత ఉదాహరణ చాలు. ఇందుచూడన్ అనే కలంపేరుతో కేరళ పక్షుల మీద 1958లో ప్రసిద్ధ గ్రంథం వెలువరించిన కె.కె. నీలకంఠన్, అంతకుముందే, 1940లలో, ఇదే డెల్టాలోని ఉండి అనే ఊరి దగ్గరి ఆరేడులో గూడబాతులు, అనగా ముక్కుకింద సంచి వేలాడే పెద్ద నీటిపక్షులు, గుంపుగా గూళ్లు కట్టుకోవడం గమనించి, ఆ వివరాలను 1949లో బాంబే నేచురల్ హిస్టరీ సొసైటీ పత్రికలో ప్రచురించారు. శాస్త్రలోకానికి అది కొత్త సంగతి. ఊరివారికి మాత్రం రోజూ తలెత్తితే కనబడేదే.

కృష్ణా గోదావరుల డెల్టాల నడుమ పల్లంలో ఉన్న కొల్లేటి సరస్సులోకి బుడమేరు, తమ్మిలేరు, రామిలేరు వంటి ఏర్లు వచ్చి చేరితే, ఆ నీరంతా సముద్రానికి పోవడానికి ఉప్పుటేరు ఒక్కటే దారి. 1999లో ప్రకటించిన కొల్లేటి అభయారణ్యానికి ఎల్లగా పెట్టుకున్నది ప్లస్ ఐదో కాంటూరు, అంటే సముద్రమట్టానికి ఐదడుగుల ఎత్తున్న చోట్లను కలిపే ఊహారేఖ. అంత స్వల్పమైన వాలులో మూరెడు ఎత్తు తేడా వస్తే చాలు, పైరు మారుతుంది, పిట్ట మారుతుంది, దారి మారుతుంది. కిక్కిస, అనగా నీటి అంచున ఏపుగా పెరిగే రెల్లుజాతి గడ్డి, ఎంతవరకు వ్యాపించిందో, నీటిమీద తేలే గుర్రపుడెక్క ఎక్కడ కాలువను కప్పేసిందో పోల్చుకోగలగడమే ఇక్కడి నడకలో అసలు విద్య. అది ఒకే గట్టు మీద వేసవిలోనూ వానల తర్వాతా మళ్లీ మళ్లీ నడిస్తేనే పట్టుబడుతుంది గాని, పది ఊళ్లు చుట్టినంత మాత్రాన రాదు.

ఒంటరితనం ఈ పనికి అడ్డం కాకపోగా అక్కరకొస్తుంది. కైకలూరు దగ్గరి ఆటపాకలో చూస్తే, గూడబాతు చేపను పట్టగానే మింగదు; ముక్కును రొమ్ముకు ఆనించి సంచిలోని నీటిని వార్చి, ఆ తర్వాతే తల పైకెత్తి గుటకవేస్తుంది. మాటల్లో పడ్డ గుంపుకు ఈ వరుస అందదు.

అయితే ఈ ప్రాంతం పార్కు కాదు. వాన పడితే రేగడి కాలికి ముద్దలుగా అంటుకుని అడుగు సాగనివ్వదు. అభయారణ్యంలోని అక్రమ చేపల చెరువుల గట్లను 2006లో ప్రభుత్వం తెగ్గొట్టించింది గనుక పాత మ్యాపులోని గట్టు నేలమీద ఉంటుందన్న భరోసా లేదు. 2024 సెప్టెంబరులో బుడమేరు పొంగినప్పుడు ఏలూరు–కైకలూరు రోడ్డే నీట మునిగింది. కనుక ఒంటరిగా బయలుదేరేవారు ఏ గట్టున వెళ్లేదీ, ఎన్నింటికి తిరిగి వచ్చేదీ ఇంట్లో చెప్పి మరీ వెళ్లాలి. చెరువుగట్టు ఎక్కేముందు కాపలాదారును అడగాలి, చెరువు నీటికి గాలి పట్టించే ఏరియేటర్లకు లాగిన కరెంటు తీగల జోలికి పోకూడదు.