‘చూసి చెప్తాం’

ఈ వారం హైదరాబాదులో చిక్కడపల్లి మెట్రో స్తంభానికి ఒక ఫ్లెక్సీ కట్టారు. రియల్ ఎస్టేట్ ఏజెంట్లకు ఒక్కరోజు శిక్షణ. తిరస్కారాన్ని నవ్వుతూ స్వీకరించడం, ఏడాది పొడవునా ఉత్సాహం తగ్గకుండా ఉండడం నేర్పుతామని పెద్ద అక్షరాల్లో రాశారు. మోటివేషన్ అనే సరుకు మీద ఈ కాలమ్‌కున్న కోపం పాత పాఠకులకు తెలిసిందే. మనిషి కష్టానికి కారణం అతని పనిలో, అతని జీతంలో వెతక్కుండా అతని మొహంలో వెతికే విద్య అది. కానీ ఈసారి కోపం దగ్గరే ఆగిపోవడం కుదరలేదు. జవాబు సంగతి ఎలా ఉన్నా, ఆ ఫ్లెక్సీ వేసిన ప్రశ్న నిజమైనది. పొద్దుట్నుంచి రాత్రిదాకా కాదనిపించుకునే పనిలో మనిషి ఎలా నిలబడతాడు?

నారాయణగూడ, చిక్కడపల్లి, అశోక్‌నగర్ సందుల్లో ఇళ్ళు చూపించి బతికేవాళ్ళను దగ్గరగా గమనిస్తే మొదట తెలిసేది ఒకటుంది. వాళ్ళను ఎవరూ మొహమ్మీద కాదనరు. కష్టమంతా అక్కడే ఉంది. మనవాళ్ళు మొహమాటస్తులు. ఇల్లు నచ్చకపోతే ‘చూసి చెప్తాం’ అంటారు. ‘ఇంట్లోవాళ్ళకు ఒకసారి చూపించాలి’ అంటారు. ‘అబ్బాయి అమెరికాలో ఉన్నాడు, వాణ్ణి అడగాలి’ అంటారు. ఆషాఢం అడ్డొస్తే శ్రావణం రానివ్వమంటారు. మూఢమైతే వెళ్ళిపోనివ్వమంటారు. పుష్యమాసంలో శుభకార్యాల ఊసే ఎత్తరు. ఇవన్నీ కొందరి నోట నిజాలే. మరికొందరికి గుమ్మం దాటి వెళ్ళిపోవడానికి మర్యాదైన దారులు. ఏది ఏదో పోల్చుకోవడమే ఈ వృత్తిలో మొదటి పాఠం. అది ఏ శిక్షణా తరగతిలోనూ ఒక్కరోజులో రాదు.

అనుభవమున్న ఏజెంట్లు దానికి కొన్ని గుర్తులు పెట్టుకుంటారు. ప్రతి గదినీ మెచ్చుకుంటూ తిరిగే పార్టీ సాధారణంగా తిరిగి రాదు. బాత్రూంలో కుళాయి తిప్పి చూసేవాళ్ళు, నల్లా ఎన్ని రోజులకోసారి వస్తుందని అడిగేవాళ్ళు, గోడ చెమ్మ మీద గోరు గీసి చూసేవాళ్ళు, లింక్ డాక్యుమెంట్ల జిరాక్సులు కావాలనేవాళ్ళు కొనడానికి వచ్చినవాళ్ళు. వాళ్ళు శ్రావణంలో చూద్దామంటే శ్రావణం దాకా ఆగవచ్చు. పార్కింగ్ గురించి ఒక్క మాటైనా అడగకుండా కారులో వచ్చి వెళ్ళినవాళ్ళ కోసం ఆగనక్కర్లేదు.

కొనుగోళ్ళ సంగతి ఇది. అద్దెల దగ్గర వ్యవహారం ఇంకా బరువెక్కుతుంది. అక్కడ ఏజెంటుకు తన తిరస్కారంతో పాటు ఇంకొకరిది కూడా మోసే పని పడుతుంది. టూలెట్ బోర్డు మీద రాసే షరతులు కొన్ని ఉంటాయి: బ్యాచిలర్లకు ఇవ్వరు, శాకాహారులకే ఇస్తారు. రాయనివి మరికొన్ని. ఓనరు వాటిని ఫోన్‌లో చెబుతారు. వచ్చే పార్టీ పూర్తి పేరు కనుక్కోమంటారు, ఏ ఊరో, ఏమిట్లో కనుక్కోమంటారు. కులమో మతమో నచ్చకపోతే ‘ఇల్లు మా చుట్టాలకు ఇచ్చేశామని చెప్పు’ అంటారు. ఆ అబద్ధం ఓనరు ఇంట్లో పుట్టి ఏజెంటు నోట్లోంచి బయటికొస్తుంది.

నారాయణగూడలో ఇళ్ళు చూపించే ఒక యువకుడు దాని గురించి చెప్పిన మాట ఈ కాలమిస్టును వదలడం లేదు. ‘నన్ను వద్దంటే పట్టించుకోను సార్. భార్యాపిల్లలతోని వచ్చిన మనిషికి ఇల్లు లేదని నా నోటితోని చెప్పాలె. ఎందుకో ఆయనకు తెలుసు, నాకు తెలుసు. ఆ రాత్రి నిద్ర పట్టది.’

ఆ యువకుడు ఒకప్పుడు అశోక్‌నగర్ రీడింగ్ రూముల్లో గ్రూప్-2 కోసం చదివినవాడే. 2016 నవంబరులో పరీక్ష రాశాడు. ఓఎంఆర్ షీట్ల మీద వైట్‌నర్ వాడకం గొడవతో ఆ పరీక్ష కోర్టులకెక్కి, తుది ఫలితాలు 2019 అక్టోబరులో గానీ రాలేదు. ఆ మూడేళ్ళ ఎదురుచూపులో, ఊళ్ళ నుంచి వచ్చే స్నేహితులకు గదులు వెతికి పెడుతూ పెడుతూ ఈ పనిలోకి వచ్చాడు.

అశోక్‌నగర్ మాట వచ్చిందంటే ఈ కాలమ్ సిటీ సెంట్రల్ లైబ్రరీ దగ్గర ఆగకుండా ముందుకు సాగదు. ఆ లైబ్రరీ చుట్టుపక్కల వీధుల్లో బతుకంతా నోటిఫికేషన్ల మీద నడుస్తుంది. రెండు బెడ్‌రూముల ఇంట్లో అయిదారుగురు సర్దుకుంటారు. ప్లైవుడ్ పలకలతో ఒక గదిని రెండు చేస్తారు. నెలకింత అని కట్టి స్టడీ హాల్లో ఒక కుర్చీ, ఒక లైటు, ఒక ప్లగ్ పాయింటు తీసుకుంటారు. తెలంగాణ ఏర్పడ్డాక మొదటి గ్రూప్-1 నోటిఫికేషన్ 2022 ఏప్రిల్‌లో 503 పోస్టులతో వచ్చింది. ఆ ఏడాది అక్టోబరు 16న ప్రిలిమ్స్ జరిగింది. పేపర్ లీకేజీ బయటపడి 2023 మార్చిలో అది రద్దయింది. జూన్ 11న మళ్ళీ పెట్టారు. సెప్టెంబరులో హైకోర్టు దాన్నీ రద్దు చేసింది. 2024 ఫిబ్రవరిలో పాత నోటిఫికేషన్‌నే తీసేసి 563 పోస్టులతో కొత్తది ఇచ్చారు. జూన్‌లో మూడోసారి ప్రిలిమ్స్, అక్టోబరులో మెయిన్స్. అంటే ఒకే ఉద్యోగం కోసం ఒకే మెట్టు మూడుసార్లు ఎక్కారు. 783 పోస్టుల గ్రూప్-2దీ అదే దారి. 2022 డిసెంబరులో నోటిఫికేషన్ వస్తే, వాయిదాల మీద వాయిదాలు పడి 2024 డిసెంబరు 15, 16 తేదీల్లో పరీక్ష జరిగింది.

ఈ తేదీలన్నీ ఇక్కడ గదులు చూపించేవాళ్ళకు పంచాంగం కంటే ముఖ్యమైనవి. ఓనరు పదకొండు నెలల అగ్రిమెంటు అడుగుతారు. అభ్యర్థి ‘ప్రిలిమ్స్ అయ్యేదాకా’ అంటాడు. ఆ ప్రిలిమ్స్ ఎప్పుడవుతుందో పబ్లిక్ సర్వీస్ కమిషన్‌కే తెలియదు. వాయిదా పడిన సాయంత్రం ఒకడు ఊరికి బయల్దేరతాడు, ఇంకొకడు ఇంటికి ఫోన్ చేసి ఇంకో మూడు నెలల అద్దె అడుగుతాడు. ఇద్దరి గదులూ ఆ సాయంత్రం ఒకే ఏజెంటు లెక్కలో ఉంటాయి. 2020 మార్చి లాక్‌డౌన్‌లో ఈ హాస్టళ్ళు ఖాళీ అయినప్పుడు ఆ లెక్కే లేకుండా పోయింది.

పరీక్షలో తిరస్కారం, పనిలో తిరస్కారం రెండూ చూసినవాడు కాబట్టి, ఏది ఎక్కువ కష్టమని ఆ యువకుణ్ణి అడగాల్సి వచ్చింది. జవాబు వెంటనే చెప్పాడు. ‘పరీక్ష పోయినా మార్కులొస్తయ్ సార్. ఎంతల పోయిందో తెలుస్తది. ఈడ ఎందుకు పోయిందో కూడ చెప్పరు.’ అందుకే ఆ మార్కులు తనే వేసుకుంటున్నాడు. ఇల్లు చూపించి వచ్చాక పుస్తకంలో రెండు ముక్కలు రాస్తాడు: పార్టీ ఎక్కడ నిలబడింది, ఎక్కడ మాట ఆగింది. ఒక ఫ్లాటు దగ్గర వచ్చినవాళ్ళంతా వంటింటి కిటికీ ముందు మాట తగ్గించారు. కిటికీ తెరిస్తే పక్క బిల్డింగు గోడ, చేయి చాస్తే అందేంత దూరంలో. అది తెలిశాక ఆ ఇంటికి పగటి వెలుగు పెద్దగా పట్టించుకోని పార్టీలను, పొద్దున వెళ్ళి రాత్రి వచ్చే ఉద్యోగస్తులను తీసుకెళ్ళడం మొదలుపెట్టాడు.

ఇక్కడ ఒక పాత పరిశోధన గుర్తు చేసుకోవాలి. అమెరికాలో మార్టిన్ సెలిగ్మన్, పీటర్ షుల్మన్ అనే ఇద్దరు పరిశోధకులు మెట్రోపాలిటన్ లైఫ్ కంపెనీ బీమా ఏజెంట్లను పరిశీలించి 1986లో ఫలితాలు ప్రకటించారు. ఓటమికి మనిషి తనకు తాను ఏం కారణం చెప్పుకుంటాడన్నది వాళ్ళు చూశారు. ‘ఈ రోజు కుదరలేదు, ఆ పార్టీ తొందరలో ఉంది’ అనుకునేవాళ్ళు ఒకవైపు, ‘నా వల్ల కాదు, ఎప్పటికీ ఇంతే’ అనుకునేవాళ్ళు మరోవైపు. ఆశావాదం ఎక్కువున్న సగం మంది మొదటి రెండేళ్ళలో మిగతా సగం కంటే 37 శాతం ఎక్కువ పాలసీలు అమ్మారు. నిరాశావాదులు ఉద్యోగం వదిలిపోవడం కూడా ఎక్కువే. అంటే ఫ్లెక్సీ చెప్పిన దాంట్లో పస ఉన్నట్టే. ఈ వారమంతా ఈ కాలమ్ ఆలోచన ఆ వైపే నడిచింది.

కానీ అదే సెలిగ్మన్ మరికొందరితో కలిసి వర్జీనియా విశ్వవిద్యాలయంలో న్యాయశాస్త్ర విద్యార్థుల మీద చేసిన పరిశీలన 1997లో వచ్చింది. అక్కడ నిరాశావాదులే మెరుగ్గా చదివారు. ఎక్కడ ఏం తప్పు దొర్లుతుందోనని వెతికే బుద్ధి కాగితాల పనికి బలం.

మన ఏజెంటు సగం బీమా ఏజెంటు, సగం లాయరు. చిక్కడపల్లిలో పాత ఫ్లాటు అమ్మి పెట్టేవాడికి ఆ రెండో సగం లేకపోతే ప్రమాదమే. అపార్ట్‌మెంట్ల చట్టం ఈ నేల మీదికి వచ్చింది 1987లో. అప్పట్నుంచి లేచిన భవనాలు ఈ సందుల నిండా ఉన్నాయి. ప్లాన్‌లో లేని పై అంతస్తు ఒకచోట. పార్కింగ్ స్థలంలో కట్టిన గది ఒకచోట. సేల్ డీడ్‌లో రాసిన అవిభాజ్య వాటా గజాలన్నీ కూడితే స్థలం కంటే ఎక్కువొచ్చే బిల్డింగు ఇంకోచోట. బ్యాంకు లోను రాదు. అప్పుడు ‘ఏం కాదు సార్, అందరూ ఇట్లాగే కొన్నరు’ అనే ఆశావాది ఒక కుటుంబం ఇరవై ఏళ్ళు దాచుకున్న డబ్బును గోతిలో పడేస్తాడు.

ప్రీలాంచ్ పేరుతో నగరం చూసింది కూడా ఇదే. అనుమతులు రాకముందే తక్కువ ధరకు ఫ్లాట్లు అమ్మారన్న ఆరోపణల మీద సాహితీ ఇన్‌ఫ్రాటెక్ ఎండీ 2022 డిసెంబరులో అరెస్టయ్యారు. ఇలాంటి ప్రాజెక్టులు బంధువులు, స్నేహితులు, పాత సహోద్యోగుల ద్వారానే ఇంటింటికీ చేరతాయి. చేర్చేది ఉత్సాహవంతులైన ఏజెంట్లే. 2016 నాటి రియల్ ఎస్టేట్ నియంత్రణ చట్టం (రెరా) పదో సెక్షన్ రిజిస్టర్ కాని ప్రాజెక్టును ఏజెంటు అమ్మకూడదంటుంది. తప్పితే రోజుకు పదివేల రూపాయల చొప్పున, విలువలో అయిదు శాతం దాకా జరిమానా. ఆ చట్టాన్ని అందరూ కొనేవాళ్ళ రక్షణగానే చూస్తారు. అది ఏజెంటు చేతికి కూడా ఒక మాటనిచ్చింది. ‘ఇది నేను అమ్మను’ అని బిల్డరుకు చెప్పగల మాట.

వారం మొదట్లో ప్రశ్న కాదనిపించుకోవడం ఎలా తట్టుకోవాలన్నది. వారం చివరికి ఈ కాలమ్‌కు తోచింది వేరు. రోజంతా అందరూ కాదనే మనిషికి, తను ఎవరినీ కాదనలేని స్థితే అసలు కుంగుబాటు. చెమ్మ ఉన్న ఇంటిని కాదనలేడు, కులం అడిగే ఓనరును కాదనలేడు, కాగితాలు చూపించని అమ్మకందారును కాదనలేడు. ఎందుకంటే అమ్మకం జరిగితేనే అతనికి డబ్బు. అరవై లక్షల ఫ్లాటుకు ఒక శాతం కమిషన్ అంటే అరవై వేలు. అదే ఫ్లాటును ఆ ధరకే రిజిస్టర్ చేయించడానికి 2021 జులై నుంచి ఉన్న 7.5 శాతం రేటు ప్రకారం నాలుగున్నర లక్షలు కట్టాలి. సబ్ రిజిస్ట్రార్ ఆఫీసులో ఆ నాలుగున్నర లక్షల దగ్గర ఎవరూ బేరమాడరు. బయటికొచ్చి మెట్ల మీద ఈ అరవై వేల దగ్గర ఆడతారు. నెలల తరబడి తిరిగి చూపించిన ఇళ్ళకు, కొట్టించుకున్న పెట్రోలుకు, వెతికి ఆపిన చెడ్డ డాక్యుమెంట్లకు లెక్కలో చోటు లేదు. చెడ్డ ఇల్లు కొనకుండా ఆపిన రోజున అతను చేసింది ఆ నెలలోకెల్లా మంచి పని. దానికి దక్కేది సున్నా.

ఆ యువకుడు ఈమధ్య ఒక నియమం పెట్టుకున్నాడు. లింక్ డాక్యుమెంట్ల జిరాక్సులు ఇవ్వని ఓనరు ఇల్లు తన జాబితాలో చేర్చడు. ఆన్‌లైన్‌లో ఎన్‌కంబరెన్స్ సర్టిఫికెట్ (ఈసీ) తీసి చూశాకే పార్టీకి చూపిస్తాడు. పేరు వెనక పేరు అడిగే ఓనర్లకు ‘నాతోని కాదు సార్, వేరేటోళ్ళను చూస్కోండి’ అంటున్నాడు. మెల్కోటే పార్కు వెనక ఒక ఇల్లు అలాగే చేజారింది. వారంలోనే వేరే బ్రోకరు ఆ గేటుకు తన నంబరు కట్టాడు. జాబితా చిన్నదైంది, ఆదాయమూ తగ్గింది. పనికి వెళ్ళాలంటే విసుగు మాత్రం మునుపటంత లేదన్నాడు.

ఇల్లు చూపించినందుకు, కాగితాలు పరిశీలించినందుకు అమ్మకంతో సంబంధం లేకుండా కొంత రుసుము ఉండాలని, రెరా పరిధిలోకి రాని పాత ఫ్లాట్ల, అద్దెల ఏజెంట్లకు కూడా ఆ రుసుము కాగితం మీద ఉండాలని ఈ కాలమ్ వాదన. లాయరు కేసు ఓడినా ఫీజు తీసుకుంటాడు. డాక్టరు పరీక్షలు చేసి జబ్బు లేదని చెప్పినా తీసుకుంటాడు. ఆ యువకుడు ఒప్పుకోలేదు. ‘చూపించనీకి పైసలంటే ఎవరొస్తరు సార్? పక్కోడు ఫ్రీగ చూపిస్తడు’ అన్నాడు. కాగితాల పరిశీలనకు తీసుకోవచ్చా అంటే కొంచెం ఆలోచించి, అది ఒకరిద్దరి దగ్గర అడిగి చూస్తానన్నాడు.