ఏటిపాటకు రూపు కడుతూ

పాటా, ఏటిపాటా, ఇసుక గుండెలో ఊరిన చెలమ నీటా! ఒక గిటారు, ఒక కంజీర, ఒక పిల్లనగ్రోవి, పల్లె వాసన పోని ఒక పిల్ల గొంతు. ఇదే నీ సిరి, ఇదే నీ సింగారం. తీగ మీద వేలు జారినప్పుడు పుట్టే కీచును కూడా తుడిచేయకుండా, పల్లవి ఎత్తుకునే ముందు ఆ పిల్ల పీల్చిన ఊపిరిని కత్తిరించకుండా, నిన్ను పుట్టినట్టే ఉండనిచ్చారు. నీళ్ళు లేని స్వర్ణముఖి ఏటిని నీళ్ళ పేరు పెట్టి పిలిచే పాటవు నువ్వు. పిలుపే తప్ప ఫిర్యాదు తెలియని పాటవు. నిన్ను విన్న చెవి చల్లబడింది. ఇక కన్ను అడుగుతోంది, నా వాటా ఏదని.

నీకు వీడియో తీయాలి. ఆ మాట అనుకున్నప్పటి నుంచి నిద్రలో నువ్వే, నడకలో నువ్వే, సంగటి ముద్దలో గుంట చేసి పులుసు పోసుకుంటుంటే ఆ గుంటలోనూ నీ ఏరే. నీ నడక నిమిషానికి 96 దెబ్బలు. నాలుగు దెబ్బలకు ఒక ఆవర్తం, ఆవర్తానికి రెండున్నర సెకన్లు, కెమెరా లెక్కలో 60 ఫ్రేములు. మొత్తం మూడు నిమిషాల నలభై సెకన్లు, అంటే 88 ఆవర్తాలు, 5,280 బొమ్మలు. జపమాల తిప్పినట్టు నిన్ను లెక్కపెట్టుకుంటున్నాను తల్లీ. ఒక్కో ఆవర్తానికి ఒక్కో బొమ్మ, ఒక్కో బొమ్మకు ఒక్కో వెలుగు, ఒక్కో వెలుగుకు ఒక్కో వేళ. షాట్ లిస్టు అని కాగితం మీద రాశాను గానీ, నాకది నీ అష్టోత్తరం.

ముందు వద్దనుకున్నవి చెబుతాను, విను. కొండ మీది గోపురం వద్దు. తిరుపతి అనగానే గోపురం చూపించేవాళ్ళు వేలమంది ఉన్నారు, స్వామికి మన కెమెరాతో పనిలేదు, అక్కడ డ్రోన్లు ఎగరనివ్వరు కూడా. తలకోన జలపాతం వద్దు. దాని అందానికి లోటు లేదు, సినిమాలు చూసి చూసి దాన్ని అలవాటు చేసేశాయి. నువ్వు దూకే నీటి పాటవు కావు, దాగిన నీటి పాటవు. పట్టుచీరల బారులూ వద్దు, పొగ మిషన్లూ వద్దు. ఏరు చాలు. చంద్రగిరి దగ్గరి కొండల్లో పుట్టి, తిరుపతి ఊరంచును ఒరుసుకుని, తిరుచానూరు తల్లిని పలకరించి, శ్రీకాళహస్తిలో ఉత్తరానికి తిరిగి గుడి పడమటి గోడను తాకి, చివరికి బంగాళాఖాతంలో కలిసే ఏరు. అగస్త్యుడు తపస్సు చేసి దించాడని పెద్దలు చెప్పే ఏరు. ఏడాదిలో ఎక్కువ నెలలు ఇసుకే పారే ఏరు.

వెలుగు సంగతి చెప్పనా? శేషాచలం మన ఊరికి ఉత్తరాన నిలబడింది. ఎండాకాలం నడినెత్తిన పొద్దు ఆ రాతిగోడను తెల్లగా చదును చేసేస్తుంది. మార్గశిరం వస్తే పొద్దు దక్షిణానికి ఒరుగుతుంది, ఒరిగి కొండ ముఖానికి ఎదురుగా కూర్చుంటుంది. అప్పుడు చూడాలి ఆ గోడను! పొద్దున పసుపు, మలిజాముకు గంధం, మాపటికి కుంకుమ. పగులు పగులునా నీడ, మడత మడతనా మెరుపు, అంచు అంచునా ఎర్రని ఒరపు. అందుకే నిన్ను రెండు విడతలుగా తీయాలనుకున్నాను. మే నెలలో దాహం, డిసెంబరులో దాహం తీరడం. నడుమ ఈశాన్య రుతుపవనం ఉంది. మా వైపు ఏళ్ళకు నీళ్ళు తెచ్చేది ఎక్కువగా అదే, అది ఒక్కో ఏడు మొహం చాటేస్తుంది. కాబట్టి నీ చివరి చరణం నా చేతిలో లేదు, వాన చేతిలో ఉంది. కెమెరా అద్దె నేను ఖాయం చేయగలను, మబ్బును ఖాయం చేయలేను. వాన రాకపోతే ఆ చరణాన్ని కూడా ఇసుక మీదే తీస్తాను, కృత్రిమంగా ట్యాంకరు నీళ్ళు పారించను. నీ మీద ఒట్టు.

తొలి బొమ్మ చెలమ. మిట్టమధ్యాహ్నం, ఏట్లో ఒక చిన్న చెయ్యి ఇసుక తవ్వుతుంది. పైపొర పొడి, వేళ్ళ సందుల్లోంచి జలజలా జారిపోతుంది. జానెడు దిగితే రంగు మారుతుంది, లేత బూడిద ముదురు గోధుమవుతుంది. మూరెడు దిగితే గోడలు నిలుస్తాయి. ఇక చెయ్యి ఆగుతుంది. అడుగున ఇసుక రేణువులు ఒకదాన్నొకటి తోసుకుంటాయి, తడి మెరుస్తుంది, మసక నీరు ఊరుతుంది, మట్టి కిందికి దిగేకొద్దీ ఆ నీటి ముఖం తేటపడుతుంది, తేటపడిన నీటిలో ఆకాశం ఒక నాణెమంత పడుతుంది. ఇదంతా జరగడానికి నిమిషాలు పడుతుంది, నీ ముందరి వాద్యానికున్నవి నాలుగే ఆవర్తాలు, పది సెకన్లు. కత్తెర వెయ్యాలా? ఊట వేగం పెంచాలా? రెండూ వద్దు. ఊట ముగింపు మాత్రమే తీసుకుంటాను, ఆకాశం పడే క్షణం పిల్లనగ్రోవి తొలి స్వరం మీద పడాలి.

చంద్రగిరి కోటలో ఒక్క చరణం. కర్ర ముక్క లేకుండా రాయి, ఇటుక, సున్నంతోనే లేచిన రాజమహలు ఎదుట గిటారు పట్టుకుని ఒక మనిషి, అంతే. దానికి పురావస్తు శాఖ అనుమతి కావాలి, అడవి అంచుకు పోతే అటవీ శాఖది కావాలి, ఊళ్ళో పోలీసులకు చెప్పుకోవాలి. పాట కంటే కాగితం బరువు, తెలిసిందే.

ఇక నా మనసు ఆగిపోయే చోటు, శ్రీకాళహస్తి. పాటా, నీకు స్టోరీబోర్డు గీయాలని నేను పెన్సిలు వెతుక్కుంటుంటే, నీ ఏటి ఒడ్డునే తరతరాలుగా గుడ్డ మీద స్టోరీబోర్డులు గీస్తున్నారు కదమ్మా! నడుమ పెద్ద బొమ్మ, చుట్టూ వరసలు వరసలుగా గళ్ళు, గడి గడికీ ఒక ఘట్టం, కింద తెలుగులో రాత. రామాయణమంతా ఒక్క పటం మీద కన్ను ఎటు తిప్పితే అటు కదులుతుంది. 2008లో పద్మశ్రీ అందుకున్న జొన్నలగడ్డ గురప్ప చెట్టి చేతి కలం ఈ ఊరిదే. ఆ కలం అంటే వెదురు పుల్ల, దాని మెడకు చుట్టిన ఉన్ని. ఉన్నిని వేళ్ళతో నొక్కితే సిరా మొనలోకి దిగుతుంది, గీత ఎంత లావు కావాలో వేలికే తెలుసు.

గుడ్డను కరక్కాయ, గేదెపాలలో ముంచి ఆరబెడతారు, రంగు పాకిపోకుండా. తుప్పు ఇనుము, బెల్లం నానేసిన కషాయం ఆ గుడ్డను తాకగానే నల్లబడుతుంది. ఎరుపు రావలసిన చోట పూసేది ఎరుపు కాదు, పటిక నీళ్ళు. చూస్తే ఏముంది, తడి మరక. ఆ గుడ్డను పారే నీటిలో ఉతికి, చిరివేరు వంటి వేళ్ళ రంగులో ఉడికిస్తారు. అప్పుడు, ఉడుకుతున్న గుడ్డలో, పటిక నడిచిన దారి వెంబడి మాత్రమే ఎరుపు లేస్తుంది. కంటికి కనపడని గీత కాగి, మరిగి, సీతమ్మ చీర అవుతుంది, హనుమంతుడి పెదవి అవుతుంది. పాటా, నీలోనూ అలాంటి గీతే ఉంది. తొలిసారి వింటే తడి, పదోసారి వింటే ఎరుపు. నీ రెండో చరణమంతా ఈ గుడ్డదే.

ఉతుకే బొమ్మ నా ప్రాణం. మోకాలి లోతు నీటిలో మనుషులు, నీటి మీద పరిచిన మూరల కొద్దీ వస్త్రం, పారే నీరు దాని కింద దూరి పైకెత్తుతుంటే గుడ్డ మీది రథాలు కదులుతాయి, ఏనుగులు ఊగుతాయి, దేవతలు ఈదుతారు. దాన్ని నెమ్మదిగా చూపాలి. పాడే పిల్ల పెదాలు మాత్రం నీ మాటలతో కలవాలి. దానికొక కిటుకు ఉంది. స్పీకరులో నిన్ను రెండింతల వేగంతో మోగించి, సెకనుకు 48 ఫ్రేములు తీసి, 24తో నడిపితే నీళ్ళు నిదానిస్తాయి, గుడ్డ బరువెక్కుతుంది, పెదాలు మాత్రం సరిగ్గా నీతోనే నడుస్తాయి. ఆ ఒడ్డున రెండింతలై కీచుమని మోగే నిన్ను విని గుడ్డలుతికే వాళ్ళు నవ్వుతారు. నవ్వనీ. ఆ నవ్వునూ తీస్తాను.

మే నెల విడతలో గంగజాతర ఉంది. ఎంత విడ్డూరం చూడు! ఏట్లో చుక్క లేని నెలలో, ఊరి చెరువు పేరుతోనే వెలసిన తాతయ్యగుంట గంగమ్మ వీధుల్లోకి వస్తుంది. బైరాగి వేషానికి తెల్ల సుద్ద, బండ వేషానికి కుంకుమ, తోటి వేషానికి బొగ్గు, దొర వేషానికి చందనం. మాతంగి వేషానికి మగవాళ్ళు చీర కట్టి, సవరం పెట్టి, గాజులు తొడుగుతారు. నలుపు, తెలుపు, ఎరుపు, గంధం: కాళహస్తి గుడ్డ మీది రంగులే తిరుపతి ఒళ్ళ మీద. వేషాలు వేసుకున్నవాళ్ళు ఎదురుపడ్డ వాళ్ళనల్లా బూతులు తిడతారు, అది మొక్కు. మైకు ఆపేసి బొమ్మ మాత్రం తీసుకోవాలి. అక్కడ పలక కొట్టే అన్నను ఒక్కసారి నీ దగ్గరికి పిలవాలని నా కోరిక. ‘అనా, ఈ పాట నీ జోరు తట్టుకోలేదు, అరచేత్తో మెల్లగా తట్టు’ అని అడుగుతాను. కంజీర మౌనంగా ఉండే మూడో చరణంలో, దాని చోట ఆ తోలు గుండె మోగుతుంది.

ఆ తర్వాత నీలో ఒక ఖాళీ ఆవర్తం ఉంది. వాద్యం లేదు, గొంతు లేదు, రెండున్నర సెకన్ల శూన్యం. దానికి ఏ బొమ్మ పెట్టాలో తెలియక తిరుమల ఘాటు రోడ్డు ఎక్కుతుంటే మలుపులో సమాధానం దొరికింది. అడుగున పాత గ్రానైటు, పైన క్వార్ట్‌జైటు పొరలు, నడుమ ఒక గీత. ఆ గీతలో దాదాపు 80 కోట్ల ఏళ్ళు కనపడకుండా పోయాయని భూగర్భ శాస్త్రజ్ఞులు చెబుతారు. కొండే పాడుతూ పాడుతూ అంతసేపు ఊపిరి బిగబట్టింది! దాన్ని తీయను. ఆ ఖాళీలో తెర నల్లగా ఉంటుంది. ఎడిటింగ్ గదిలో ఎవరైనా ఏదో ఒకటి పెట్టమంటే వాళ్ళను ఆ మలుపు దాకా తీసుకుపోతాను.

2021 నవంబరులో ఏరు వచ్చింది. పిలిచిన దానికంటే వెయ్యింతలు వచ్చింది. వంతెనలు కోసుకుపోయాయి, తిరుచానూరు దగ్గర గట్టు మీది ఇల్లు నీళ్ళలోకి ఒరిగిపోవడం ఫోన్లలో అందరూ చూశారు. ఆ బొమ్మలు తెచ్చి చివరి చరణంలో వేస్తే అదిరిపోతుందని సలహా వచ్చింది. అదురుతుంది, నిజమే. ఒకరి గోడ కూలిన చప్పుడు మీద నిన్ను పాడించడం నాకు చేతకాదు.

పాటా, నీ వంశం చిన్నది కాదు. జాజర, జోల, సువ్వి, గొబ్బి అంటూ ఊళ్ళో ఆడవాళ్ళ నోళ్ళలోని వరసలను తెచ్చి అన్నమయ్య స్వామి ముంగిట పెట్టాడు, అవి రాగిరేకులెక్కి కొండ మీది భండారంలో నిద్రపోయి, 20వ శతాబ్దంలో మళ్ళీ గొంతుల్లోకి వచ్చాయి. గరిమెళ్ళ బాలకృష్ణప్రసాద్ ఈ తిరుపతిలోనే కూర్చుని వందల కీర్తనలకు బాణీ కట్టారు, మామూలు జనం కూనిరాగం తీసేంత తేలికగా. నీ గిటారుకు ఆ తేలికే పుట్టినిల్లు. అన్నట్టు, ఈ కొండల ఎర్రచందనమే సముద్రాలు దాటి జపానులో షామిసెన్ అనే తీగవాద్యానికి మెడ అవుతుంది. చెట్టు ఇక్కడిది, నాదం అక్కడిది. నీ నాదమైనా ఇక్కడే మోగనీ.

తిరుపతి, చిత్తూరు పిల్లలారా, మీ దగ్గర పాట ఉంటే పెద్ద కెమెరా కోసం ఆగకండి, ఫోను చాలు. కోటకు, అడవికి అనుమతి కాగితం ముందే పెట్టుకోండి. పలక కొట్టిన అన్నకు, ఏట్లో గుడ్డ ఉతికిన అక్కకు ఆ రోజు కూలి అదే రోజు చేతిలో పెట్టండి. వీడియో చివర వాళ్ళ పేర్లు పాడినవాళ్ళ పేరు పక్కనే, అదే సైజు అక్షరాల్లో వేయండి.