మొసలికి నోటీసు, పిల్లలకు అన్నం

ప్రభుత్వానికి కాగితం రాయడం ఒక విద్య. మండలాఫీసు ముందు చెట్టు కింద కూర్చుని అర్జీలు రాసిపెట్టేవాళ్లను చూస్తే నాకు ఎప్పుడూ కాస్త అసూయే. నేను కాలమ్ నిండా రాసి సాధించలేనిది వాళ్లు అరఠావులో సాధిస్తారు. ఎవరికి రాయాలో, ఏం అడగాలో, ఎక్కడ ఆపాలో వాళ్లకు తెలుసు. ఆ విద్యలో ఆరితేరినవాడూ, ఆ విద్య వల్లే ప్రాణం మీదికి తెచ్చుకున్నవాడూ అయిన ఒక పెద్దమనిషి గుడి చూసొచ్చాను. ఈ వారం ఆయన సంగతే.

పేరు హాన్ యూ. చైనాలో తాంగ్ వంశం ఏలుబడిలో ఉన్నత పదవులు చేసిన అధికారి, కవి, అలంకారాల బరువుతో కుంగిపోయిన చైనా వచనాన్ని మళ్లీ సూటిగా మాట్లాడించినవాడు. 768లో పుట్టాడు. పసితనంలోనే అమ్మానాన్నా పోతే అన్నావదినలు పెంచారు. ప్రభుత్వ పరీక్ష మూడుసార్లు తప్పి, నాలుగోసారి 792లో గట్టెక్కాడు. గ్రూప్స్ రాసే మన కుర్రాళ్లు ఈ మాట గుర్తుపెట్టుకోవచ్చు.

గుడి దక్షిణాన గ్వాంగ్‌డాంగ్ ప్రావిన్స్‌లోని చావ్‌జౌ ఊళ్లో ఉంది. గుడి అన్నానుగానీ ఇది దేవుడి గుడి కాదు, మనిషి జ్ఞాపకానికి కట్టిన మందిరం. ఊరికీ కొండకీ మధ్య ఏరు. ఏటికి తూర్పు ఒడ్డున కొండ పాదంలో నిటారుగా మెట్లు, పైన హాలు, హాల్లో ఆయన విగ్రహం, గోడల వెంట శిలాఫలకాలు. ఈ ఊరికి వచ్చేనాటికి ఆయన వయసు 51 గనక మెట్లూ 51 పెట్టారని చెబుతారు. నా ముందు ఒక పిల్లాడు వాటిని గట్టిగా లెక్కపెడుతూ ఎక్కాడు. నలభైల్లో ఎక్కడో తప్పి, వాళ్ల నాయనమ్మ వద్దంటున్నా వినకుండా కిందికి దిగి మళ్లీ మొదలుపెట్టాడు. పైనుంచి చూస్తే ఎదురుగా గ్వాంగ్‌జీ వంతెన. 12వ శతాబ్దంలో మొదలైన ఆ వంతెనకు రెండు వైపులా రాతి కట్టడం, నడుమ మాత్రం పడవలు వరసగా కట్టి వేసిన దారి. ఆ ఏటి పేరు హాన్ నది. నేను నిలబడ్డ కొండ పేరు హాన్ కొండ. రెండూ ఈయన పేరే.

ఇంతా చేసి ఆయన ఈ ఊళ్లో ఉన్నది ఎనిమిది నెలలే. గోదావరి జిల్లాల్లో కాటన్ దొరకు ఊరూరా విగ్రహాలున్నాయి. ఆనకట్ట కట్టి లక్షల ఎకరాలు తడిపినవాడికి కూడా మనం విగ్రహం దగ్గరే ఆగాం, గోదావరి పేరు మార్చలేదు. మరి ఎనిమిది నెలలకు ఒక ఊరు తన ఏటినీ కొండనూ ఎందుకు రాసిచ్చింది?

ఈ ప్రశ్నకు జవాబు ఆయన 819లో రాసిన నాలుగు కాగితాల్లో వెతకాలి.

మొదటిది రాజుకు రాసింది. ఫామెన్ అనే బౌద్ధాలయంలో బుద్ధుడి వేలి ఎముక ఉండేది. ముప్ఫై ఏళ్లకోసారి దాన్ని బయటికి తీస్తే పంటలు పండుతాయని నమ్మకం. షియన్‌జోంగ్ చక్రవర్తి ఆ ధాతువును రాజభవనానికి తెప్పించుకున్నాడు. జనం నెత్తి కాల్చుకుని, వేళ్లు కాల్చుకుని, ఉన్నదంతా దానం చేస్తున్నారు. ధాతువును కొలవడం మనకు తెలియనిది కాదు. భట్టిప్రోలు స్తూపంలో బయటపడ్డ పేటికలు అందుకు సాక్ష్యం. హాన్ యూకి మాత్రం ఒళ్లు మండింది. ఆ ఎముకను నీళ్లలోనో నిప్పులోనో వేయించండి, బుద్ధుడికి కోపం వస్తే ఆ కీడేదో నా మీదే పడనివ్వండి అని రాశాడు. అక్కడితో ఆగినా బాగుండేది. బౌద్ధం పట్టుకున్న రాజులెవరూ ఎక్కువ కాలం బతికి బాగుపడలేదని చరిత్ర తిరగేసి మరీ చూపించాడు. అర్జీలు రాసేవాళ్లెవరూ ఈ పని చేయరు. చక్రవర్తి తల తీయించబోయాడు. మంత్రి పెయ్ దూ లాంటివాళ్లు అడ్డుపడితే శిక్ష బదిలీగా మారింది. శిక్ష కింద బదిలీ అంటే ఏమిటో మన ఉద్యోగులకు నేను చెప్పక్కర్లేదు.

రాజధాని చాంగాన్ నుంచి చావ్‌జౌకి రెండు నెలల పైచిలుకు ప్రయాణం. ఆయన్ను ముందు తరిమారు, తర్వాత ఇంటిల్లిపాదినీ వెళ్లగొట్టారు. జబ్బుతో ఉన్న పన్నెండేళ్ల కూతురు దారిలో చనిపోతే రోడ్డు పక్కనే పూడ్చిపెట్టారు. కొన్నేళ్లకు ఆయన ఆ అస్థికలు తీయించి సొంతూరి శ్మశానానికి చేర్చి, ఆ పిల్ల కోసం ఒక సమాధి లేఖనం రాశాడు. బుద్ధుడి ఎముక మీద ఎగిరిపడినవాడు ఈ ఎముకల కోసం మనుషుల్ని పంపాడు. దీన్ని నేను తప్పుగా ఎంచను.

రెండో కాగితం చావ్‌జౌ చేరగానే రాసిన కృతజ్ఞతా పత్రం. మొదటి కాగితం చదివి ఆయన్ను ఆకాశానికెత్తినవాళ్లు ఇది చదవకపోవడమే మంచిది. ఇక్కడ తుపాన్లు, మొసళ్లు, విషజ్వరాలు, నాకు జుట్టు నెరిసింది, పళ్లు ఊడాయి అని ఏకరువు పెట్టి, ప్రభువుల విజయాలను కీర్తించడానికి నా అంత కలం మీకు దొరకదని సందు చూసుకుని చెప్పుకున్నాడు. రెండు శతాబ్దాల తర్వాత ఆయన్ను గురువుగా ఎంచిన ఔయాంగ్ షియూ కూడా ఈ ఏడుపును వెనకేసుకు రాలేదు. హాల్లో ఫలకాలన్నీ చూశాను, ఈ పత్రం నాకు కనపడలేదు. దీన్ని ఎవరు చెక్కిస్తారు? నాకు మాత్రం ఇదే ఆయన్ను మనిషిగా చూపించింది. తల పోగొట్టుకోవడానికి సిద్ధపడ్డవాడు కూడా కూతురు పోయాక ఇల్లు చేరాలనుకుంటాడు.

మూడోది లోకమంతా చెప్పుకునేది: మొసళ్లకు రాసిన నోటీసు. అప్పట్లో ఆ ఏటిని చెడ్డ ఏరు అనేవారు. మొసళ్లు పశువుల్ని ఈడ్చుకుపోతున్నాయి. హాన్ యూ ఒక పందినీ ఒక మేకనూ నీళ్లలో వేయించి, కాగితం చదివాడు. చక్రవర్తి ఆజ్ఞతో ఈ నేలకు నేను అధికారిని, మీరూ నేనూ ఒకచోట ఉండడం కుదరదు, దక్షిణాన సముద్రం ఉంది, బలగంతో సహా వెళ్లిపోండి అని. గడువు మూడు రోజులు. చాలకపోతే ఐదు. అదీ చాలకపోతే ఏడు. అప్పటికీ కదలకపోతే విలుకాళ్లూ విషబాణాలూ. ఆ గడువు పొడిగింపులు చూడండి, అచ్చం తహశీల్దారు నోటీసే! ఆ రాత్రి గాలివాన వచ్చిందనీ, మొసళ్లు వెళ్లిపోయాయనీ తర్వాతి చరిత్రకారులు రాశారు.

అసలు తమాషా ఇంకొకటి ఉంది. ఈయనకు ఈ ఊళ్లో మొదటిసారి గుడి కట్టించినవాడు చెన్ యావ్‌జువో అనే అధికారి, 999లో. ఆయన హయాంలోనే ఒక కుర్రాణ్ని మొసలి మింగితే వల వేయించి పట్టించి, అందరి ముందూ చంపించాడు. అంటే నోటీసు అందుకున్న 180 ఏళ్ల తర్వాత కూడా మొసళ్లు ఖాళీ చేయలేదు. ఆ సంగతి ఎవరికన్నా బాగా తెలిసిన మనిషే గుడి కట్టించాడంటే, ఆయన మొక్కింది మొసళ్ల కథకు కాదనే అనుకోవాలి.

ఇక నాలుగో కాగితం. దీనికోసమే నేను అంత దూరం వెళ్లాను. ఊళ్లో బడి తెరవాలంటూ హాన్ యూ ఇచ్చిన ఉత్తర్వు అది. చిన్నది. అందులో కవిత్వం లేదు. ఈ ఊరి నుంచి వందేళ్లుగా చదువులో పైకి వచ్చినవాడు లేడు. ఇక్కడ చదువుకున్న జావ్ దె అనే ఆయన ఉన్నాడు, బడి ఆయనకు అప్పగిస్తున్నాను. నా జీతంలోంచి లక్ష కాసులు ఇస్తున్నాను, దాన్ని మూలధనంగా ఉంచి, దాని మీద వచ్చే వడ్డీతో పిల్లలకు భోజనం పెట్టండి. సారాంశం ఇంతే.

ఆ వడ్డీ మాట దగ్గర నేను చాలాసేపు ఆగిపోయాను. లక్షా ఒకేసారి వంటకు ఇచ్చి ఉంటే కొన్ని నెలలు విందు జరిగేది, పేరూ వచ్చేది. తాను ఇక్కడ ఎక్కువ కాలం ఉండనని ఆయనకు తెలుసు. ఉండకూడదనే రాజధానికి ఆ ఏడుపు ఉత్తరం రాశాడు. అయినా తాను వెళ్లిపోయాక పొయ్యి ఎలా వెలగాలో లెక్క వేశాడు. ఆకలితో పిల్లాడు బడికి రాడన్న సంగతి 1,200 ఏళ్ల కిందట తట్టడం ఒక ఎత్తు, దానికి పద్దు రాయడం ఇంకో ఎత్తు. మధ్యాహ్న భోజనం బిల్లులు నెలల తరబడి రాక అప్పు చేసి వండే ఏజెన్సీ అక్కల్ని మన జిల్లాల్లో నేను చూశాను. వాళ్లకైతే ఈ కాగితం విలువ వివరించనక్కర్లేదు.

రాతి మీద రాత శాశ్వతమని అంటారుగానీ, హాన్ యూ విషయంలో అది కుదరలేదు. ఈ కాగితాలకు రెండేళ్ల ముందు జరిగిన ఒక యుద్ధం గురించి ఆయన రాసిన విజయశాసనాన్ని, సేనానికి తగిన పేరు దక్కలేదన్న ఫిర్యాదు మీద చక్రవర్తే చెరిపించి వేరేవాడి చేత రాయించాడు. 1092లో మహాకవి సూ షీ ఈ గుడికోసం రాసిన లేఖనం చైనా వచనంలో శిఖరమంటారు. పదేళ్లు దాటగానే సూ షీ రాతల మీద నిషేధం పడి, ఆయన శాసనాలు పగలగొట్టించారు. ఇప్పుడు ఇక్కడున్న ఫలకం తర్వాతివాళ్లు మళ్లీ చెక్కించుకున్నది. గుడి కూడా చోటు మారుతూ 1189లో ఈ కొండ దగ్గరికి చేరింది. నిప్పులో వేయమన్న ఎముకే గట్టిగా నిలిచింది! 1981లో ఫామెన్ గోపురం సగం కూలితే, 1987లో పునాది తవ్వకాల్లో నేలమాళిగ బయటపడి అందులో ధాతువులు దొరికాయి. చావ్‌జౌలో ఉండగానే హాన్ యూకి దాదియెన్ అనే బౌద్ధ భిక్షువుతో స్నేహం కుదిరింది. వెళ్లేటప్పుడు ఆయనకు తన బట్టలు ఇచ్చి వచ్చాడు. మతం మారాడటగా అని జనం అంటే, కాదు, తెలివైనవాడు గనక మాట్లాడాను అని సంజాయిషీ రాసుకోవాల్సి వచ్చింది. మన కాలంలో చైనా బౌద్ధ సంఘానికి అధ్యక్షుడిగా ఉన్న జావ్ పూచూ, హాన్ యూ ప్రవాసాన్ని మెచ్చుకుంటూ పద్యం రాశాడు. బౌద్ధులు పగ పట్టలేదన్నమాట.

819 చివర్లో క్షమాభిక్ష వచ్చింది, యువాన్‌జౌకి బదిలీ అయింది. మరుసటి ఏడాది చక్రవర్తి నడివయసులోనే చనిపోయాడు. హాన్ యూని రాజధానికి పిలిచి ప్రభుత్వ విద్యాపీఠానికి అధిపతిని చేశారు. చావ్‌జౌ వదిలేటప్పుడు ఆయన జావ్ దెని తనతో రమ్మని అడిగాడు. పెద్దాయన వెంట వెళితే ఆ రోజుల్లో ఏ పదవి దొరికేదో! జావ్ దె రానన్నాడు. తన ఊళ్లో, తన సముద్రం పక్కనే ఉంటానన్నాడు. హాన్ యూ దాన్ని కూడా కాగితం మీద పెట్టాడు, ఈసారి పద్యంగా.