తూర్పు ఆఫ్రికా పాత నోట్లు – సేకర్తలు చూడని పంక్తి

పాత నోట్లను కూర్చుకొనుట కలవారి వేడుక యని లోకాభిప్రాయము. నేను కలవాడను కాను. ముంబయిలో ఒక ఓడల కంపెనీ కార్యాలయమున ముప్పదియైదేండ్లు గుమాస్తాగా పనిచేసి విశ్రాంతి గొన్నవాడను. చదువు మెట్రిక్యులేషనుతోనే నిలిచినది. ఆఫ్రికాఖండమున పరపాలన సాగిన కాలపు నోట్లు నా యొద్ద ముప్పదికి మించి లేవు. అయినను ఇరువది సంవత్సరములుగా వానిని చదువుచున్నాను. దాచుచున్నాను అనక చదువుచున్నాను అనుటకు కారణము గలదు. దాచుటకును చదువుటకును గల భేదమే యీ వ్యాసమునకు విషయము.

సేకర్తల లోకములో ఆల్బర్ట్ పిక్ అను జర్మను పండితుని పేరు తెలియనివారుండరు. ప్రపంచ దేశముల కాగితపు ద్రవ్యమునంతయు వరుసపెట్టి, ఒక్కొక్క నోటునకు ఒక్కొక్క సంఖ్య నిచ్చిన మహోద్యోగి యాతడు. నేటికిని నోటును 'పిక్ నంబరు' తోనే గుర్తింతురు. ఇట్టి శ్రమను తక్కువ చేయుట కృతఘ్నత యగును. కాని ఆ పట్టికల ననుసరించి నడచు విపణివీథిలో ఒక విపరీతము గలదు. చేతులు మారని నోటు ఉత్తమోత్తమము. ఒక్క మడత పడినచో తరగతి తగ్గును. మరక యున్నచో మరియు తగ్గును. చిరిగినచో అడుగువాడుండడు. అనగా నోటు దేనికొరకు పుట్టినదో ఆ పని చేయుటయే దానికి దోషముగా ఎంచబడుచున్నది. అత్తవారింట పనిచేసి చేతులు కాయలు కాచిన కోడలిని, చేతులు మెత్తగా లేవని తప్పుపట్టినట్లున్నది ఈ న్యాయము.

దీనికొక నిదర్శనము చూపెదను. నేటి టాంజానియా ప్రధాన భూభాగము, రువాండా, బురుండీలు ఒకప్పుడు జర్మను తూర్పు ఆఫ్రికాలో చేరియుండెను. అచ్చటి ద్రవ్యము పేరు ఏమనుకొంటిరి? రూపీ! హిందూ మహాసముద్రముపై సాగిన వర్తకముతోబాటు మన రూపాయి ఆ తీరమున అంతగా నాటుకొనియుండెను. 1905 లో వెలువడిన అయిదు రూపీల నోటుపై రెండు సింహములు కలవు. అవి కడు సొగసుగా చిత్రింపబడినవి. మొదటి ప్రపంచ యుద్ధము రాగా బ్రిటిషు నౌకలు సముద్రమార్గమును కట్టివైచెను. జర్మనీ నుండి నోట్లు రాలేదు. 1915 మొదలు 1917 వరకు దొరికిన కాగితముపై స్థానికముగానే అచ్చొత్తిరి. 1917 నాటి ఒక రూపీ నోట్లు రబ్బరు అక్షరములతో ముద్రలు వేసిన ముతక కాగితపు ముక్కలు. సేకర్తలు వానిని 'బుష్ నోట్లు' అందురు. అక్షరము ఎచ్చట వంకరపోయినది, సంతకము ఎవరిది, వరుస ఎట్టిది యని సూక్ష్మముగా పరిశీలింతురు. మంచిదే. కాని యీ కాగితము పుచ్చుకొని వస్తువు నిచ్చినవాడు దేనిని నమ్మి యిచ్చెను? 1918 లో ఆ పాలనయే యంతరించిన పిమ్మట అతడు ఎవరి గడప యెక్కవలెను? ఈ ప్రశ్నకు పట్టికలో గడి లేదు.

బ్రిటిషు భాగమున కథ వేరు, కష్టము మాత్రము అట్టిదే. మన రూపాయియే అచ్చటను చెల్లుచుండెను. చిరకాలము పౌనుకు పదునైదు రూపాయల లెక్క సాగెను. యుద్ధానంతరము వెండి ధర పెరుగగా రూపాయి విలువయు పెరిగెను. 1919 డిసెంబరులో తూర్పు ఆఫ్రికా కరెన్సీ బోర్డు ఏర్పడినది. 1920 లో రూపాయి విలువను రెండు షిల్లింగులుగా, అనగా పౌనుకు పది రూపాయలుగా నిర్ణయించిరి. రూపాయలలో అప్పు చేసినవానికి పౌనుల లెక్కలో ఆ యప్పు ఒకటిన్నర రెట్లయ్యెను. పిమ్మట రూపాయి ఫ్లోరినుగా మారెను, ఫ్లోరిను షిల్లింగుగా మారెను. రెండు మూడేండ్లలో మూడు పేర్లు! ఈ నిర్ణయములు చేసిన బోర్డు లండనులో కూర్చుండెను. నైరోబీకి తరలినది 1960 లో మాత్రమే. మన యానాం సోదరులకు ఇట్టి దూరపు వాగ్దానము కొత్త కాదు. పుదుచ్చేరిలో రూపాయి నోట్లు వెలువరించిన ఇండో-చైనా బ్యాంకే ఆఫ్రికాలోని జిబూటిలోను నోట్లు వెలువరించినది. దాని పెద్ద కార్యాలయము ప్యారిసులో నుండెను.

ఇక నా యొద్దనున్న ఒక్క నోటు సంగతి. మా వాడలో ఒక గుజరాతీ వృద్ధుడుండెడివాడు. అందరమును ఆయనను కాకా అని పిలిచెడివారము. యౌవనమున కంపాలాలో ఒక దుకాణములో లెక్కలు వ్రాసిన వాడు. 1972 లో ఈదీ అమీన్ ఆసియావారిని ఉగాండా నుండి వెడలగొట్టగా కుటుంబముతో ముంబయి చేరెను. తోబుట్టువులు లెస్టరు నగరమునకు పోయిరి. ఒకనాడు ఆయన నన్ను పిలిచి, "బేటా, నీకు కాగితములపై మోజు కదా, ఇది నీ యొద్ద నుండనిమ్ము" అని నాలుగు మడతల నోటొకటి చేతిలో పెట్టెను. తూర్పు ఆఫ్రికా కరెన్సీ బోర్డువారి ఇరువది షిల్లింగుల నోటు. ఆయన మొదటి జీతములోనిది. తల్లి దేవుని యెదుట నుంచి కుంకుమ పెట్టి దాచినదట. బోర్డు నోట్ల స్థానమున కొత్త నోట్లు వచ్చిన పిదప అది వట్టి కాగితమయ్యెను. కనుకనే దేశము వీడునాడు ఎవరును దానిని లెక్కింపలేదు.

దానిని ఒక నోట్ల వర్తకునకు చూపితిని. కుంకుమ మరకను చూచి పెదవి విరిచెను. "కడిగి నొక్కించి యిచ్చెదను, మూడింతలు పలుకును" అనెను. అతడు దుర్మార్గుడు కాడు. తన వృత్తిధర్మము చెప్పినాడు. నేను నోటును జేబులో పెట్టుకొని వచ్చితిని. ఆ మరకను తీసినచో ఆ నోటు మరి వేయి నోట్లవంటిది. మరకతో అది ఒక్కటే.

ఇప్పుడు ఆ నోటును చదువుదము. వెనుకవైపు సింహమున్నది. విలువ ఆంగ్లమునను, అరబ్బీ లిపిలోను, గుజరాతీ లిపిలోను కలదు. కాకాకు ఆ గుజరాతీ పంక్తి యన్న ప్రాణము. "దొరల నోటుపై మా భాష!" అని మురిసెడివాడు. నేనును మురిసితిని. కాని పలుమార్లు చదివిన మీదట ఆ నోటుపై లేనిది కనబడినది. ఆ తీరమున సంతలలో నలుగురును మాటాడుకొను స్వాహిలీ దానిపై లేదు. ఎండలో పండించినవాని పలుకునకు చోటు దొరకలేదు, అంగడిలో తూచినవాని లిపికి దొరకినది. ఆ పంక్తి గుజరాతీకి చేసిన సన్మానము కాదని, పాలకులకు వర్తకునితో గల అవసరమే దానిని అచ్చట నిలిపినదని నా యభిప్రాయము. 1966 లో కెన్యా, టాంజానియాలు సొంత నోట్లు వెలువరించినప్పుడు స్వాహిలీ వచ్చెను, గుజరాతీ పోయెను. అది న్యాయమే. కాకాకు చెప్పితిని. కొంతసేపు మాటాడక, "నిజమే బేటా, ఆ నోటుపై ఎవరు లేరో మేమప్పుడు చూడలేదు" అనెను.

సేకర్తలపై నాకు ద్వేషము లేదు. వారే లేకున్నచో బుష్ నోట్లు ఏనాడో చెదల పాలై యుండును. నా మనవి యొక్కటే. ధర యడుగుటకు ముందు నోటును చదువవలెను. ఎవరు ఎవరికి మాట యిచ్చిరి, ఏ భాషలో నిచ్చిరి, ఎవరిని విడచిరి, ఎవరి చేతులు తగిలినవి అని చూడవలెను. నోటు అంచుపై నుండు కొలతలకన్న ఇవి ముఖ్యమైన వివరములు.

తెలుగు సీమకు వెలుపల తరములుగా నిలిచిన మనకు ఇందొక హెచ్చరికయు గలదు. మన తెలుగు నోట్లపై 1917 నాటి ఒక రూపాయి నోటు మీదనే యున్నది. నేటి నోట్ల వెనుక పదునైదు భాషల పట్టికలో పదునాలుగవ పంక్తి మనది, తమిళమునకు క్రింద, ఉర్దూకు పైన. బరంపురమున నున్నను, షోలాపురమున నున్నను ఆ పంక్తి మన జేబులోనే యుండును. దానిని చూచి మనమును కాకా వలెనే మురియుదుము. అయితే లెస్టరులో ఆయన తమ్ముని మనుమలకు గుజరాతీ చదువను రాదట. నోటుపై నున్న లిపి వారి నాలుకపై నిలువలేదు.

మొన్న నా మనుమరాలి చేతికి పది రూపాయల నోటిచ్చి పదునాలుగవ పంక్తి చూపితిని. మరాఠీ పంక్తిని గడగడ చదివినది. తెలుగు పంక్తి వద్ద ఆగి, "తాతా, ఇది మనదేనా?" అని యడిగినది. ఆ సాయంకాలమే పలక కొని తెచ్చితిని. ఇప్పటికి 'పది' వరకు వచ్చినది.