కుంటాల జలపాతము: శకుంతలా కథా విమర్శనము

నిర్మలునుండి ఆదిలాబాదునకు పోవు రాజమార్గమున నేరడిగొండ గ్రామము కలదు. అచ్చటికి సుమారు 12 కిలోమీటర్ల దూరమున, టేకుచెట్ల యడవి నడుమ, కడెము నది రాతి మెట్టలపైనుండి విడతలు విడతలుగా దాదాపు 45 మీటర్లు క్రిందికి దుముకుచున్నది. ఇదియే కుంటాల జలపాతము. తెలంగాణమునందలి జలపాతములలో నిది మిక్కిలి యెత్తైనదని ప్రసిద్ధి. వానకారు ముగియు దినములలో యాత్రికులు వందలకొలది మెట్లు దిగి ధారను దర్శింతురు. చేరువనున్న రాతిగుహలో సోమేశ్వరుడను పేర శివుడు వెలసియున్నాడు. మహాశివరాత్రినాడు పరిసర గ్రామముల ప్రజ లిచ్చట గుమిగూడుదురు.

మెట్లు దిగువారి చెవిని తప్పక పడు కథ యొకటి కలదు. పూర్వము శకుంతల యీ ధారలో జలకమాడెడిదట. వేటకు వచ్చిన దుష్యంతు డామె నిచ్చటనే చూచి వలచెనట. ఆమె పేరే కాలక్రమమున కుంటాల యైనదట. ఈ కథ యాత్రాగ్రంథములకును, ప్రకటనపత్రములకును ఎక్కి స్థిరపడినది. దీనిని నమ్మి యూరకుండుటయు, నవ్వి త్రోసివేయుటయు సులభమే. కథ యెట్లు పుట్టినది, దేనిని మరుగుపరచినది అని విచారించుట పరిశోధకుని విధి.

మొదట శబ్దమును పరిశీలింతము. శకుంతల యను పదమున నున్నది దంత్యమగు తకారము. ఊరి పేరున నున్నది మూర్ధన్యమగు టకారము. వసంతము, శాంత, కాంత మున్నగు పదములు సామాన్యజనుల నోట నెన్ని మార్పులు పొందినను, వానిలోని తకారము టకారముగా మారుట కానరాదు. ఆద్యక్షరమగు శకారము లోపించుటకును కారణము చూపవలసియుండును. ఇంత శ్రమ యవసరము లేదు. కుంట యనగా నీరు నిలుచు పల్లము. తెలుగునను గోండీయందును ఈ పదము వ్యవహారమున నున్నదని స్థానికులే చెప్పుదురు. ఈ రెండును ద్రావిడకుటుంబమున నొకే శాఖకు చెందిన భాషలు గావున నిం దాశ్చర్యము లేదు. కడెము నది యిచ్చట మడుగునుండి మడుగునకు దిగుచున్నది. చూచిన వారెవరైనను కుంటల తావనియే పిలుతురు. కుంటల యను రూపము కుంటాల యగుటలో నొక దీర్ఘము మాత్రమే యధికము. ఇంత చేరువ మార్గముండగా శకుంతలదాక పోనక్కరలేదు.

ఇక కథ. మహాభారతమునందు గాని, దాని ననుసరించిన నన్నయ యాదిపర్వమునందు గాని, కాళిదాసు నాటకమునందు గాని కణ్వాశ్రమము మాలినీనదీతీరమున నున్నది. ఆ నది హిమవత్ప్రాంతమునకు చెందినది. దూరము నటుంచి సన్నివేశమును చూతము. భారతమున దుష్యంతుడు కణ్వుడు లేని వేళ నాశ్రమము చేరగా శకుంతల యతిథిమర్యాద నెరపుచు నెదురగును. నాటకమున నామె సఖులతో గూడి మొక్కలకు నీరు పోయుచుండ రాజు చెట్టుచాటునుండి చూచును. ఈ రెంటను ప్రథమదర్శనము జలక్రీడావేళ జరుగలేదు. కాళిదాసు కథలో నీటికి ముఖ్యస్థానము లేకపోలేదు. శచీతీర్థమున వ్రేలినుండి జారిన యుంగరమే కథ నంతయు నడపినది. కాని కుంటాల కథలో నుంగరము లేదు. దుర్వాసుని శాపము లేదు. భారతమున నిండుసభలో రాజును నిలదీసిన శకుంతలయు లేదు. ఒక రాజు, ఒక కన్య, ఒక ధార మాత్రమే మిగిలినవి. కావున నిది కావ్యమునుండి దిగివచ్చిన కథ కాదనియు, పేరు విని కావ్యమును పిలిచి తెచ్చుకొన్న కథ యనియు తేలుచున్నది.

ఇట్టివి మన దేశమున విరివిగా నున్నవి. లేపాక్షికి రాముడు జటాయువుతో "లే పక్షీ" యనెనని కథ కలదు. చంద్రవంకపై నున్న యెత్తిపోతలకు యతులు తపము చేసిన స్థలమని వ్యుత్పత్తి చెప్పుదురు. ఇవి యెల్ల నజ్ఞానమని కొట్టివేయుట న్యాయము కాదు. శకుంతల పేరే యిందులకు సాక్షి. అడవిలో విడువబడిన శిశువును శకుంతములు, అనగా పక్షులు, కాపాడినవి గావున నామె కా పేరిడితినని కణ్వుడు చెప్పినట్లు భారతము తెలుపుచున్నది. పేరునకు కథ నల్లుట ఋషులు చేసిన పనియే. జనులును దానినే చేసిరి. తమ యడవి భారతకథకు వెలుపల నుండరాదన్న యాశ యిందు గలదు. ఆ యాశ గౌరవింపదగినది.

అయినను లాభముతోపాటు నష్టమును లెక్కింపవలయును. ఈ ప్రాంతమున గోండులకు తమవైన పురాణకథలు కలవు. ప్రధానులు కిక్రీ వాద్యముపై వంశగాథలను గానము చేయుదురు. హైమన్‌డార్ఫ్ 1948లో వెలువరించిన ఆదిలాబాదు రాజగోండుల గ్రంథమున నీ సంప్రదాయమును విస్తరముగ వర్ణించెను. శకుంతలాకథ ప్రకటనలకెక్కిన కొలది, ఈ గుహనుగూర్చి, ఈ మడుగులనుగూర్చి వారేమి చెప్పుకొందురో యడుగువారు తగ్గుదురు. ప్రసిద్ధమైన యుత్తరము ముందే సిద్ధముగా నున్నచోట ప్రశ్న పుట్టదు.

రెండవ నష్టము ప్రాణములకు సంబంధించినది. ఈ జలపాతపు మడుగులు మిగుల లోతైనవి. రాళ్లు పాచిపట్టి జారుచుండును. స్నానమునకు దిగి మునిగిపోయినవారు పెక్కురు. కుంట యను పేరు చెప్పునది నీరు నిలుచు లోతునుగూర్చియే. ఆ పేరు పెట్టినవారు నీటి స్వభావము నెరిగి పెట్టిరి. శకుంతల జలకమాడెనన్న కథయో, వచ్చినవారిని నీట దిగుమని పిలుచుచున్నది. ఒక పేరు హెచ్చరికగా నున్నంతకాలము దాని యర్థమును నిలుపుకొనుట కేవలము పండితుల వినోదము కాదు.

కావున స్థలకథలను సేకరించు విద్యార్థులు కథతోపాటు చెప్పినవా రెవరు, వారి భాష యేది, ఏ తరమువారినుండి వినిరి యను విషయములను గూడ వ్రాసికొనవలయును. కావ్యకథతో కలియు పాఠమును ముందుంచి, కలియని పాఠమును విడుచుట తగదు. కుంటాలలో శకుంతలను వెదకువారు వెదకుదురు గాక. కాని కుంటను కుంటగా చెప్పగల గోండు వృద్ధుని మాటను గూడ వ్రాసికొని రావలయును. ఆ మాట యిప్పుడు వ్రాసికొనకున్నచో మరల దొరకదు.